సెల్లు అయిపోయే గొడవ లేని గేమ్ కంట్రోలర్: రీచార్జబుల్ బ్యాటరీలు, చార్జింగ్ డాక్‌లు వాడే పద్ధతి

మా ఇంట్లో ఒకసారి రెండు గోడ గడియారాలు ఒకే రోజు ఆగిపోయాయి. హాల్లోది తొమ్మిదీ ఇరవై దగ్గర, పడగ్గదిలోది పావుతక్కువ పదకొండు దగ్గర. రాహుకాలం చూసుకుందామని తలెత్తిన అమ్మ రెండుసార్లు మోసపోయాక విచారణ మొదలైంది. దొంగ మా మేనల్లుడే. క్రికెట్ గేములో రెండు బంతులకు నాలుగు పరుగులు కావలసినప్పుడు కంట్రోలర్ ఆగిపోతే, ఒక్కో గడియారంలోంచి ఒక్కో పెన్సిల్ సెల్ పీకి వేసుకున్నాడు. అవి అరగంట కూడా రాలేదు.

ఏడాది పాటు గడియారం నడిపే సెల్ కంట్రోలర్‌లో అరగంటకే చేతులెత్తేయడం వాడికి వింతగా తోచింది. నిజానికి వింతేమీ లేదు. గడియారం చుక్కచుక్కగా తాగుతుంది. కంట్రోలర్‌లో రేడియో ఎప్పుడూ పనిచేస్తూ ఉంటుంది, బంతి తగిలినప్పుడల్లా మోటార్లు వణుకుతాయి. దానికి గుక్కలు గుక్కలుగా కావాలి. గడియారాలకు వాడే చవక జింక్ కార్బన్ సెల్ అంత ధార ఇవ్వలేదు. పైగా ఆ రెండూ వేర్వేరు రోజుల్లో వేసినవి, ఒకటి సగం, ఒకటి పావు.

ఆ రోజు నుంచి ఈ వ్యవహారాన్ని నేనే చేతిలోకి తీసుకున్నాను. కొన్నవి కొన్నాను, పారేసినవి పారేశాను. చివరికి తేలింది ఇది: సెల్లు వేసే అర ఉన్న కంట్రోలర్‌కు డాక్ (కంట్రోలర్‌ను పెడితే చార్జ్ చేసే స్టాండు) కన్నా నాలుగు మంచి రీచార్జబుల్ సెల్లు, ఒక తెలివైన చార్జర్ మేలు. బ్యాటరీ లోపలే ఉన్న కంట్రోలర్‌కు డాక్ పెట్టుకోవచ్చు, కానీ అది వేగం కోసం కాదు, పిల్లలు కంట్రోలర్‌ను ఒక చోట పెట్టే అలవాటు కోసం.

మొదటి అడుగు: కంట్రోలర్‌ను తిరగేసి చూడండి

వెనక మూత తీస్తే రెండు పెన్సిల్ సెల్లు (ఏఏ సైజు) పట్టే అర ఉందా, లేదా? కొనవలసినవన్నీ దీన్ని బట్టే మారతాయి. మైక్రోసాఫ్ట్ గేమ్ కన్సోళ్లలో (టీవీకి తగిలించే గేమ్ యంత్రాల్లో) 2013లో వచ్చిన ఎక్స్‌బాక్స్ వన్ మొదలు 2020లో వచ్చిన సిరీస్ ఎక్స్, సిరీస్ ఎస్ దాకా ఎక్స్‌బాక్స్ మామూలు వైర్‌లెస్ కంట్రోలర్లన్నీ సెల్లతో నడిచేవే. నింటెండో పాత కన్సోల్ ‘వీ’ రిమోట్ కూడా అంతే. ఎక్స్‌బాక్స్ ఎలైట్ సిరీస్ 2 మాత్రం మినహాయింపు, దాని బ్యాటరీ లోపలే ఉంటుంది.

సోనీ ప్లేస్టేషన్ వైపు అన్నీ లోపలి బ్యాటరీలే. ప్లేస్టేషన్ 4 కంట్రోలర్ డ్యూయల్‌షాక్ 4లో 1000 ఎంఏహెచ్ (బ్యాటరీ నిల్వ కొలత), ప్లేస్టేషన్ 5 డ్యూయల్‌సెన్స్‌లో 1560 ఎంఏహెచ్ లిథియం బ్యాటరీ ఉంటాయి. నింటెండో స్విచ్ ప్రో కంట్రోలర్‌లో 1300, స్విచ్‌కు రెండు పక్కలా తగిలే చిన్న జాయ్‌కాన్ కంట్రోలర్ ఒక్కోదానిలో 525.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. ఎక్స్‌బాక్స్ కంట్రోలర్‌కు పైభాగాన యూఎస్‌బీ రంధ్రం ఉంటుంది కదా, దానికి తీగ పెట్టి రాత్రంతా వదిలేస్తే లోపలి రీచార్జబుల్ సెల్లు నిండుతాయనుకుంటారు. నిండవు. తీగ పెట్టినంత సేపు కంట్రోలర్ తీగ మీద నడుస్తుంది, అంతే. అర లోపల మధ్యలో చిన్న లోహపు బిందువులు విడిగా ఉంటాయి. వాటిని తాకేలా చేసిన ప్రత్యేక బ్యాటరీ ప్యాక్ వేస్తేనే తీగ ద్వారా చార్జ్ ఎక్కుతుంది.

రెండో అడుగు: సెల్లు ఎంచుకోవడం

అర ఉన్న కంట్రోలర్ అయితే అడగవలసిన పేరు నికెల్ మెటల్ హైడ్రైడ్. అందులోనూ ఊరికే పెట్టినా చార్జ్ కారిపోని రకం కావాలి. ఈ రకాన్ని 2005లో సాన్యో కంపెనీ ఎనిలూప్ పేరుతో తెచ్చింది, ఇప్పుడు ఆ పేరు పానాసోనిక్‌ది. అంతకు ముందు రీచార్జబుల్ సెల్లు నిండుగా చార్జ్ చేసి వాడకుండా సొరుగులో పెడితే కొన్ని నెలల్లో ఖాళీ అయ్యేవి. రీచార్జబుల్ అంటే పనికిరానివని మన పెద్దవాళ్లకు ఇప్పటికీ ఉన్న అభిప్రాయం ఆ కాలం నాటిదే.

సెల్ మీద రెండు అంకెలు చూడండి. ఒకటి ఎంఏహెచ్, అంటే ఎంత నిల్వ పడుతుందో చెప్పేది. 1900 నుంచి 2000 ఉంటే చాలు. 2500 ఉన్నవి కూడా దొరుకుతాయి, కానీ ఆ అదనానికి ఆయుష్షు తగ్గుతుంది. మామూలు తెల్ల ఎనిలూప్‌కు 2100 సార్ల దాకా చార్జ్ చేయవచ్చని కంపెనీ చెబితే, 2500 రకానికి 500 సార్లే చెబుతుంది. రెండు జతలు మార్చుకుంటూ వాడే ఇంటికి తెల్లదే సరి.

పెన్సిల్ సెల్ సైజులో 4000, 5000 ఎంఏహెచ్ అని రంగురంగుల అట్టలో కనిపిస్తే అక్కడి నుంచి వచ్చేయండి. ఆ సైజులో నికెల్ మెటల్ హైడ్రైడ్ 2800 దాటడమే గగనం. నకిలీని పట్టడానికి నాకు నచ్చిన పరీక్ష వంటింటి త్రాసు. నిజమైన 2000 ఎంఏహెచ్ సెల్ 26, 27 గ్రాములు తూగుతుంది. కోఠి గుజరాతీ గల్లీలో బేరమాడి కొన్న ఒక జతను ఇంటికి తెచ్చి తూస్తే ఒక్కోటి 17 గ్రాములు చూపింది. లోపల చిన్న సెల్ పెట్టి పైన పెద్ద తొడుగు తొడిగారన్న మాట. ఆ గల్లీలో మంచి సరుకూ దొరుకుతుంది, తప్పు బేరానిది.

రెండో అంకె వోల్టేజీ. 1.2 అని ఉంటుంది. మామూలు ఆల్కలైన్ సెల్ 1.5 కదా, తక్కువేమోనని కంగారు పడకండి. ఆల్కలైన్ 1.5తో మొదలై వాడుతున్న కొద్దీ దిగజారుతుంది. నికెల్ మెటల్ హైడ్రైడ్ 1.2 దగ్గరే నిలబడి, చివర్లో ఒక్కసారిగా పడిపోతుంది. దీని వల్ల వచ్చే ఇబ్బంది ఒకటే: తెర మీద కనిపించే బ్యాటరీ బొమ్మ నిండు సెల్లను కూడా సగమని చూపవచ్చు, సగం దగ్గర ఉండగానే ‘అయిపోయింది’ అనవచ్చు. ఆ బొమ్మను నమ్మడం మానేసి రెండో జత సిద్ధంగా ఉంచుకోవడమే మందు.

ఈ మధ్య 1.5 వోల్టుల లిథియం రీచార్జబుల్ సెల్లు కూడా వస్తున్నాయి. లోపలి చిన్న సర్క్యూట్ చివరి దాకా 1.5 ఇస్తుంది, చివరి క్షణంలో దీపం ఆర్పినట్టు ఆగిపోతుంది. వీటి మీద ఎంఏహెచ్ బదులు మిల్లీవాట్ అవర్ లెక్క రాసి పెద్ద అంకె చూపిస్తారు. 3000 అని ఉంటే దాన్ని 1.5తో భాగించండి, 2000 ఎంఏహెచ్ వస్తుంది. మన ఎనిలూప్ 2000ను 1.2తో గుణిస్తే 2400. ఇప్పుడు రెండూ ఒకే కొలతలో ఉన్నాయి, తేడా అంకెలో కనిపించినంత లేదు. వీటికి వాటి సొంత చార్జరే వాడాలి.

మరొక రకం ఉంది, దాన్ని కంట్రోలర్ దగ్గరికి రానివ్వకండి. 14500 అని రాసి ఉండే లిథియం సెల్ అచ్చం పెన్సిల్ సెల్ సైజులోనే ఉంటుంది, కానీ 3.7 వోల్టులు. నిండుగా ఉన్నవి రెండు వేస్తే, 3 వోల్టులు ఆశించే చోట 8.4 వోల్టులు చేరుతాయి. ఆ తర్వాత కొనవలసింది కొత్త కంట్రోలర్.

మూడో అడుగు: చార్జర్

సెల్లకు పెట్టిన డబ్బును కాపాడేదీ పాడుచేసేదీ చార్జరే. సెల్లతో పాటు ఉచితంగా వచ్చే చవక చార్జర్లలో చాలావాటికి సెల్ నిండిందో లేదో తెలియదు. గడియారం లెక్కన ఇన్ని గంటలు కరెంటు పోస్తాయి, మీరు మరిచిపోతే పోస్తూనే ఉంటాయి. కొన్ని సెల్లను రెండేసి జతగానే చార్జ్ చేస్తాయి, ఒకదానికి ఒక దీపం ఉండదు.

మీకు కావలసింది నాలుగు గదులకు నాలుగు దీపాలు లేదా అంకెలు ఉన్నది, ఏ సెల్ నిండితే దాన్ని విడిగా ఆపేసేది. నిండిన క్షణాన సెల్ వోల్టేజీ కాస్త వెనక్కి జారుతుంది, మంచి చార్జర్ ఆ జారుడును పసిగట్టి ఆపుతుంది. మరీ మెల్లగా చార్జ్ చేస్తే ఆ జారుడు స్పష్టంగా ఉండదు, కాబట్టి 2000 ఎంఏహెచ్ సెల్‌కు 500 నుంచి 1000 మిల్లీ యాంపియర్ల మధ్య పెట్టండి. 500 దగ్గర, నష్టాన్ని కూడా కలుపుకుంటే, దాదాపు ఐదు గంటలు పడుతుంది. నేను ఇదే వాడతాను. చివరి పది, పదిహేను నిమిషాల్లో సెల్ అప్పుడే ఇస్త్రీ చేసిన చొక్కా కాలరంత వెచ్చబడుతుంది, అది సహజం. వేలు పెట్టలేనంత వేడెక్కితే వెంటనే తీసేయండి.

మామూలు ఆల్కలైన్ సెల్లను పొరపాటున కూడా ఈ చార్జర్‌లో పెట్టవద్దు. కారి, చార్జర్‌ను కూడా తినేస్తాయి.

నాలుగో అడుగు: జతలు కట్టడం

ఇది చిన్న పని, కానీ సెల్ల ఆయుష్షులో ఎక్కువ తేడా ఇక్కడే వస్తుంది. రెండు సెల్లు కంట్రోలర్‌లో ఒకదాని వెనక ఒకటిగా పనిచేస్తాయి. ఒకటి బలహీనమైతే అది ముందు ఖాళీ అవుతుంది. రెండోది ఇంకా తోస్తూనే ఉండడంతో ఖాళీ సెల్ లోపల ధ్రువాలు తారుమారై పాడవుతుంది. అందుకే కొత్తవీ పాతవీ, వేర్వేరు కంపెనీలవీ కలపకూడదు.

కొన్న రోజే చెరగని మార్కర్‌తో సెల్ల మీద రాయండి. మా ఇంట్లో మొదటి జత అ-1, అ-2. రెండో జత ఆ-1, ఆ-2. కింద కొన్న నెల, సంవత్సరం. కాగితం, టేపు అంటించకండి, అర ఇరుకు కాబట్టి సెల్ బయటికి రానని మొండికేస్తుంది. ‘అ’ జత కంట్రోలర్‌లో ఉంటే ‘ఆ’ జత నిండుగా టీవీ బల్ల సొరుగులో ఉంటుంది. ‘అ’ అయిపోగానే ‘ఆ’ వేస్తాం, ‘అ’ చార్జర్‌లోకి వెళుతుంది. సెల్లు మార్చడానికి అర నిమిషం. ఏ డాక్ అయినా ఈ అర నిమిషంతో పోటీ పడగలదా? చార్జింగ్ కోసం ఎదురుచూడడమన్నదే ఉండదు.

సెల్ వేసేటప్పుడు చదునైన కొస స్ప్రింగు వైపు. చెప్పనక్కర్లేదనుకున్నాను, కానీ మా బావగారు వారం రోజులు కంట్రోలర్ చెడిపోయిందని తిరిగారు.

ఇంకొక మాట: గడియారాలకూ రిమోట్లకూ రీచార్జబుల్ వేయవద్దు. అక్కడ మామూలు సెల్లే సరి. మేనల్లుడి కన్ను పడకుండా గడియారాన్ని ఒక మేకు ఎత్తున తగిలించండి.

ఎక్స్‌బాక్స్‌కు ప్యాక్‌లు, డాక్‌లు

సెల్లు మార్చే ఓపిక లేనివారికి మైక్రోసాఫ్ట్ అమ్మే ప్యాక్, తీగ ఉన్న కిట్ ఉంది. అరలో సెల్ల బదులు ప్యాక్ వేసి తీగ పెడితే ఆడుతూనే చార్జ్ అవుతుంది, పూర్తిగా నిండడానికి నాలుగు గంటల లోపే.

ఇతర కంపెనీల డాక్‌లు వేరే దారిలో పనిచేస్తాయి. ప్యాక్‌తో పాటు కొత్త వెనక మూత ఇస్తారు, మూత బయట లోహపు చుక్కలు ఉంటాయి, డాక్ మీద పెట్టినప్పుడు అవి తాకుతాయి. కొనేటప్పుడు మీది ఎక్స్‌బాక్స్ వన్ కంట్రోలరా, సిరీస్ కంట్రోలరా అన్నది తప్పక చూడండి. రెండింటి వెనక మూతలు ఒకేలా కనిపిస్తాయి, కానీ ఒకటి మరొకదానికి సరిగ్గా కూర్చోదు. ఒక డబ్బాలో రెండు రకాల మూతలూ ఇచ్చే డాక్‌లు ఉన్నాయి, అవి కాస్త నయం. ప్యాక్ ముసలిదయ్యే నాటికి ఆ కంపెనీ అదే ప్యాక్ అమ్ముతుందన్న భరోసా ఉండదు. పెన్సిల్ సెల్లు మాత్రం ఏ వీధి చివరనైనా దొరుకుతాయి.

బ్యాటరీ లోపలే ఉన్నవాటికి డాక్

డ్యూయల్‌షాక్ 4 డాక్‌లు ఎక్కువగా కింది భాగాన, హెడ్‌ఫోన్ రంధ్రం పక్కనున్న రంధ్రంలో దిగుతాయి. డ్యూయల్‌సెన్స్‌లో ఆ చోట చిన్న లోహపు బిందువులు ఉంటాయి, సోనీ సొంత డాక్ వాటినే తాకుతుంది. దానికి సొంత అడాప్టర్ వస్తుంది, గోడ సాకెట్‌లో పెట్టుకోవచ్చు, ఒకేసారి రెండు కంట్రోలర్లు. కన్సోల్‌కు తీగ పెట్టినంత వేగంగానే చార్జ్ అవుతుందని సోనీయే చెబుతుంది. అంతకన్నా వేగమని ఎవరైనా అట్ట మీద రాస్తే ఆ మాట అట్ట మీదే ఉండనివ్వండి.

డాక్ కొనే తీరులో మూడు విషయాలు చూస్తాను. ఒకటి, బిందువులతో తాకేదా, లేక టైప్ సి పిన్నులో దించేదా? పిన్నులో రోజూ గుచ్చి తీసే డాక్, పిల్లలున్న ఇంట్లో కంట్రోలర్ రంధ్రాన్నే వదులు చేస్తుంది. కొన్ని డాక్‌లు చిన్న బుడిపె లాంటి అడాప్టర్ ఇస్తాయి, అది కంట్రోలర్‌లోనే ఉండిపోతుంది, తాకేది దాని వెనక బిందువులు. అది పరవాలేదు. రెండు, దానికి ఎంత కరెంటు కావాలని రాశారు? రెండు కంట్రోలర్ల డాక్‌కు 5 వోల్టులు, 2 యాంపియర్ల అడాప్టర్ ఇవ్వండి. పాత టీవీ యూఎస్‌బీ రంధ్రానికి తగిలిస్తే తెల్లారినా నిండదు. ఫోన్ ఫాస్ట్ చార్జర్ పెట్టినా వేగమేమీ పెరగదు, కంట్రోలర్ తనకు కావలసినంతే తీసుకుంటుంది. మూడు, దీపం ఏం చెబుతుంది?

ఈ మూడోది నాకు అనుభవం మీద తెలిసింది. చవకగా వచ్చిందని కొన్న ఒక డాక్‌లో చార్జ్ అవుతుంటే ఎరుపు, నిండితే ఆకుపచ్చ. రాత్రి కంట్రోలర్ పెట్టి చూస్తే ఆకుపచ్చ దీపం, సంతోషంగా పడుకున్నాను. పొద్దున ఆడబోతే బ్యాటరీ అడుగంటి ఉంది. తర్వాత గమనించాను: డాక్ మీద ఏమీ పెట్టకపోయినా అదే ఆకుపచ్చ. అంటే కంట్రోలర్ నూలుపోగంత పక్కకు జరిగి అసలు తాకకపోయినా ‘నిండింది’ అనే చెబుతుంది. అందుకే పెట్టిన వెంటనే ఎరుపు రావడం కళ్లతో చూసి, అప్పుడే పక్కకు జరగండి. డ్యూయల్‌సెన్స్ అయితే దాని దీపమే నారింజ రంగులో మెల్లగా వెలిగి ఆరుతూ ఉంటుంది, నిండగానే ఆరిపోతుంది. డాక్ దీపం కన్నా దీన్ని నమ్మవచ్చు.

కొత్త డాక్‌ను మొదటిసారి పగలే వాడండి. గంట తర్వాత డాక్‌నూ కంట్రోలర్ వీపునూ తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే. ప్లాస్టిక్ వాసన వస్తే తిరిగి పంపేయండి.

డాక్ అసలు పలకకపోతే తీగ మార్చి చూడండి. రెండు వైపులా టైప్ సి ఉన్న తీగతో కొన్ని చవక డాక్‌లు చార్జ్ కావు, లోపల ఉండవలసిన ఒక చిన్న రెసిస్టర్ పెట్టకుండా మిగుల్చుకుంటారు. ఒక వైపు పాత పెద్ద యూఎస్‌బీ ఉన్న తీగతో అదే డాక్ చక్కగా పనిచేస్తుంది.

స్విచ్ ప్రో కంట్రోలర్‌కు డాక్ అవసరం చాలా తక్కువ. ఆరు గంటల చార్జ్‌తో దాదాపు నలభై గంటలు వస్తుంది, తీగ చాలు. జాయ్‌కాన్‌లు కన్సోల్‌కు తగిలిస్తే చార్జ్ అవుతాయి. రెండు జాయ్‌కాన్‌లను కలిపి పట్టుకోవడానికి పెట్టెలో వచ్చే పట్టు (గ్రిప్) చార్జ్ చేయదు, చార్జ్ చేసే పట్టును విడిగా అమ్ముతారు. ఇంకా ప్లేస్టేషన్ 3 కంట్రోలర్ అటకెక్కించి ఉంటే ఒక మాట: అది మామూలు గోడ చార్జర్‌కు పెడితే చార్జ్ కాదు, కన్సోల్‌కో కంప్యూటర్‌కో పెట్టాలి. చెడిపోయిందని పారేయకండి.

కన్సోల్‌లో మార్చవలసిన సెట్టింగులు

డాక్ కొనే ముందు ఇవి చేసి చూడండి, కొందరికి కొనే పనే తప్పుతుంది. ప్లేస్టేషన్ 5 సెట్టింగుల్లో సిస్టమ్, పవర్ సేవింగ్‌లోకి వెళ్లి, రెస్ట్ మోడ్‌లో ఉన్నప్పుడు యూఎస్‌బీ రంధ్రాలకు కరెంటు ఇచ్చేలా పెడితే రాత్రి తీగతోనే చార్జ్ అవుతుంది. ఎక్స్‌బాక్స్‌లో స్లీప్ మోడ్‌లో ఉంటే యూఎస్‌బీకి కరెంటు అందుతుంది, పూర్తిగా ఆపే మోడ్‌లో అందదు. కంపనం తగ్గించడం, డ్యూయల్‌సెన్స్ ట్రిగ్గర్ల బిగువు తగ్గించడం, కొంతసేపు వాడకపోతే కంట్రోలర్ దానంతటదే ఆగేలా తక్కువ సమయం పెట్టడం కూడా గంటలు పెంచుతాయి.

వేసవి, కరెంటు, నిల్వ

డ్యూయల్‌షాక్ 4ను 10 నుంచి 30 డిగ్రీల మధ్య చార్జ్ చేయమని సోనీ సూచన. మే నెల మధ్యాహ్నం విజయవాడలో ఫ్యాను కింద కూడా ఆ అంకె రాదు. అందుకే మేము వేసవిలో పొద్దున్నే చార్జ్ పెడతాం. పశ్చిమం కిటికీ పక్కన, సెట్‌టాప్ బాక్స్ పైన, పరుపు మీద, దిండు కింద డాక్ వద్దు. కరెంటు పోయి వచ్చే చోట స్విచ్ ఆపి, వచ్చి కాస్త నిలదొక్కుకున్నాక వేయండి.

పరీక్షలని కంట్రోలర్‌ను అటకెక్కించే ఇళ్లలో, లోపలి బ్యాటరీ ఉన్నదాన్ని సగం చార్జ్‌తో పెట్టి, ఆరు నెలలకోసారి దించి చార్జ్ చేయండి. పూర్తిగా ఖాళీగా పెట్టేస్తే అది తిరిగి లేవకపోవచ్చు. సెల్లు వేసే రకమైతే సెల్లు తీసేయండి. మరిచిపోతే ఆల్కలైన్ సెల్ కారి స్ప్రింగుల మీద తెల్లటి పొడి పడుతుంది. దాన్ని పోగొట్టడానికి దూది పుల్లను నిమ్మరసంలో లేదా వెనిగర్‌లో చిన్నగా ముంచి తుడవండి, తర్వాత స్పిరిటుతో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. పొడిని ఊదకండి, కళ్లకు మంచిది కాదు.

ఉబ్బినవి, ముసలివి

కంట్రోలర్ అతుకు దగ్గర పగులు కనిపించినా, బటన్లు పైకి తోసుకొచ్చినా లోపలి లిథియం బ్యాటరీ ఉబ్బిందని అర్థం. నొక్కవద్దు, పొడవవద్దు, మళ్లీ చార్జ్ పెట్టవద్దు. సెల్లు వేసే రకంలో అయితే, ఒక జత మునుపటిలో సగం సేపే వస్తున్నప్పుడు వాటి పని అయిపోయినట్టు. అంతకు ముందు చార్జర్‌లో రిఫ్రెష్ పద్ధతి (సెల్‌ను ఖాళీ చేసి మళ్లీ నింపేది) ఉంటే రెండు మూడుసార్లు నడిపి చూడండి, కొన్ని కోలుకుంటాయి.

అమెరికా నుంచి సెలవులకు వచ్చేవాళ్లు విడి లిథియం సెల్లను విమానంలో చేతి సంచిలోనే పెట్టుకోవాలి, కింద వేసే పెట్టెలో కాదు. ఇక చచ్చిన సెల్లను చెత్తబండిలో వేయకండి. 2022లో కేంద్రం తెచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాటిని తిరిగి సేకరించే బాధ్యత తయారీదారులదే. ఈ-వ్యర్థాలు తీసుకునే కేంద్రంలో ఇవ్వండి. అందాకా రెండు కొసలకూ టేపు అంటించి, పాత బిస్కట్ డబ్బా కాకుండా ప్లాస్టిక్ డబ్బాలో వేసి ఉంచండి. రేకు డబ్బాలో కొసలు తగిలితే అవి చచ్చినా వేడెక్కుతాయి.